చంద్రునిపై వితండవాదము

1969వ సంవత్సరము జూలై 20వ తేదీని ఆర్మ్‌స్ట్రాంగు, ఆల్డ్రిను అను నిరువురు చంద్రునిపై దిగిరి. కాలిన్సు అను మూడవవాడు వారికొఱకు పైన చంద్రుని చుట్టును తిరుగుచుండెను. 1972 డిసెంబరు నాటికి ఆఱు పర్యాయములలో పండ్రెండుగురు మనుష్యులు అచట నడచిరి. ఇది జరిగిన సంగతి. ఇది జరుగలేదనియు, అమెరికా ప్రభుత్వమువారు ఏదో యొక నాటకశాలలో ఇసుక పోయించి, దీపములు వెలిగించి, చిత్రము తీయించి లోకమును వంచించిరనియు చెప్పువారు బయలుదేఱి అర్ధశతాబ్దమైనది. 1976లో బిల్ కేసింగు అను నతడు ఈ వాదమును గ్రంథముగా అచ్చువేయించెను. 2001లో ఆ దేశపు టెలివిజను సంస్థ యొకటి దీనినే వేడుకగా ప్రదర్శించెను. అచట పుట్టిన మాట ఇప్పుడు మన యిండ్లలో, భోజనములైన పిదప వసారాలలో, చదువుకొన్నవారి నోటనే వినవచ్చుచున్నది. చదువురానివారు దీని జోలికి పోరు. వారికి చంద్రునితో వేఱు పనులు గలవు.

లోకమున అబద్ధములకు కొదువ లేదు గనుక దీనిని ఉపేక్షింపవచ్చునని మేమును కొంతకాలము తలచితిమి. కాని మొన్న తరగతిలో ఒక బాలిక లేచి, “మేష్టారూ, చంద్రునిమీదికి పోవుట అబద్ధమని మా మామయ్య చెప్పినాడు. అట్లయిన ఈ పుస్తకములోని గురుత్వాకర్షణ లెక్కలును అబద్ధమేనా?” అని యడిగినది. ఆ పిల్ల ప్రశ్న మామయ్య వాదముకంటె సక్రమమైనది. ఒకటి అబద్ధమైనచో రెండవది నిలువదని ఆమె గ్రహించినది, ఆయన గ్రహింపలేదు.

అంతకంటె మాకు కష్టము కలిగించినది వేఱొకటి గలదు. ఈ వాదము చేయువారు “మేము దేనిని గ్రుడ్డిగా నమ్మము, విచారించి కాని యొప్పుకొనము” అని చెప్పుకొందురు. ఈ మాట ఎవరి సొత్తు? తాత చెప్పినాడని నమ్మను, తాటాకుమీద నున్నదని నమ్మను, నిదర్శనము చూపుము అనుట మన దేశమున వీరేశలింగము పంతులుగారి నాటినుండి ఎందఱో నిందలు మోసి, వెలివేతలు సహించి సంపాదించిపెట్టిన యాస్తి. ఆ యాస్తికి వీరు వారసులమని బయలుదేఱినారు. గ్రహణవేళ గర్భిణిని కదలనీయక చీకటిగదిలో కూర్చుండబెట్టు నింటనే, చంద్రునిపై మనుష్యుడు నడచుట మాత్రము “శాస్త్రీయముగా అసంభవ”మని తీర్పు చెప్పబడుచున్నది! గ్రహణములు నీడలవలన కలుగునని ఆర్యభటుడు చెప్పి పదునైదు వందల యేండ్లు దాటినది. ఈ తర్కము చంద్రునితో నాగునదియు కాదు. శాస్త్రజ్ఞులందఱు కూడబలుకుకొని అబద్ధమాడగలరని ఒకసారి ఒప్పుకొన్న యిల్లు, రేపు బిడ్డకు టీకా వేయింపవలసినప్పుడు వైద్యులందఱు కూడబలుకుకొనిరని చెప్పుటకు వెనుదీయదు. అందువలన మేము కలము పట్టవలసివచ్చినది.

వాదించువిధములను న్యాయసూత్రములలో గౌతముడు మూడుగా విభజించెను. సత్యము తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుచుటకు చేయునది జల్పము. తనదని చెప్పి ఏ పక్షమును స్థాపింపక ఎదుటివాని పక్షమును పడగొట్టుట మాత్రమే చేయునది వితండ. చంద్రారోహణము బూటకమనువారి వాదమెల్ల ఈ మూడవ జాతిలోనిది. జెండా ఏల కదలినది? నక్షత్రములు ఏల లేవు? గొయ్యి ఏల పడలేదు? అని యడుగుదురేకాని, మఱి జరిగినదేమి, ఎచ్చట జరిగినది, ఎట్లు చేసిరి అని మనము తిరిగి యడిగినచో మాటలాడరు. ఐనను అడిగిన ప్రశ్నకు బదులు చెప్పుట ధర్మము గనుక చెప్పుచున్నాము.

మొదట జెండా. జెండా కదలినది, కావున గాలి కలదు, కావున అది చంద్రుడు కాదని వారి యనుమానము. పొగయున్నచోట నిప్పుండుననుటకు నిప్పులేనిచోట పొగ ఎన్నడును కనబడకపోవుట ఆధారము. గాలిలేనిచోట గుడ్డ కదలదనుటకు అట్టి యాధారమెచ్చటిది? చేయి తగిలినను గుడ్డ కదలును. హేతువు సాధ్యము లేనిచోట గూడ కనబడినచో అది సవ్యభిచారమను హేత్వాభాసమని తర్కసంగ్రహము చదివిన బాలుడు చెప్పగలడు. గాలి లేదని ముందే తెలియును గనుకనే ఆ జెండా పైయంచున అడ్డముగా నొక కడ్డీ దూర్చిరి; మొదటి యాత్రలో ఆ కడ్డీ పూర్తిగా చాగలేదు గనుక గుడ్డ ముడుతలు పడి, అలలు తేలినట్లు పటములలో కనబడుచున్నది. కఱ్ఱను నేలలోనికి త్రిప్పుచు దింపునప్పుడు గుడ్డ ఊగినది. పలుచని యుత్తరీయమును కఱ్ఱకు కట్టి ఒక్కసారి కుదిపి చూడుడు. గాలి దాని నడ్డగించి రెండు మూడు ఊపులలో ఆపివేయును. అదే కఱ్ఱకు ఇనుపగొలుసు కట్టి కుదిపినచో చాలసేపు ఊగును, ఏలయన బరువైన గొలుసును గాలి అంతగా నడ్డగింపజాలదు. చంద్రునిపై పలుచని గుడ్డయే గొలుసువలె చాలసేపు ఊగినది. అనగా జెండా కదలుట గాలికి కాదు, గాలి లేమికే సాక్ష్యము.

నక్షత్రముల సంగతి ఇంకను తేలిక. రాత్రి పెండ్లిపందిరిలో దీపముల వెలుగున వధూవరులకు అరుంధతిని చూపుచుండగా తీసిన పటమును తెచ్చి చూడుడు. ఆకసము నల్లగా నుండును. అరుంధతి యుండదు, సప్తర్షులుండరు. కావున ఆ పెండ్లి జరుగలేదందురా? చంద్రునిపై వారు దిగినది పగటివేళ. ఎండలో వెలుగుచున్న నేలను, తెల్లని యుడుపులను తీయుటకు కెమేరా కన్ను సెకండులో 250వ వంతు కాలము తెఱచిన చాలును. నక్షత్రముల మినుకు ఫిల్ముపై పడుటకు సెకండులు కావలయును. జార్జి కారథర్సు అను శాస్త్రజ్ఞుడు నిర్మించిన అతినీలలోహిత కెమేరాను 1972లో అపోలో 16 వారు కొనిపోయి, యంత్రపు నీడలో నిలిపి, నక్షత్రములను చిత్రించియే తెచ్చిరి. ఆ పటములను వీరెన్నడును చూపరు.

నీడలు సమాంతరముగా లేవు గనుక దీపములు పెక్కు గలవందురు. సాయంకాలము కాలువగట్టున నిలిచి తాటిచెట్ల నీడలను పటము తీసినచో, అవియు ఒకదానినుండి యొకటి విడిపోవుచున్నట్లే కనబడును. అచట నున్నది ఒక్క సూర్యుడే. దీపములు పెక్కున్నచో ప్రతి వస్తువునకు నీడలును పెక్కుండవలయును. రాత్రి దీపములక్రింద క్రికెట్టు ఆడువాని కాళ్లచుట్టు నాలుగు నీడలు తిరుగుట ఎల్లరు చూచినదే. చంద్రుని పటములలో ఎవనికిని రెండవ నీడ లేదు.

ఇక గొయ్యి. అంత రాకెట్టు మంట క్రిందికి కొట్టగా నేలలో గొయ్యి ఏల పడలేదని ప్రశ్న. “అంత” యనగా ఎంత? ఇదియే వారెన్నడును వేయని లెక్క. దిగునప్పటికి ఆ యంత్రము ద్రవ్యరాశి సుమారు 7 టన్నులు; చంద్రునిపై దాని బరువు అందులో ఆఱవవంతు. దానిని మెల్లగా దింపుటకు కావలసిన త్రోపుడు ఇంచుమించు 1,300 కిలోగ్రాముల బరువునకు సమానము. ఆ మంట వెలువడు మూతి వ్యాసము మీటరున్నర. భాగించి చూచినచో చదరపు సెంటీమీటరునకు 70 గ్రాములకు కొంచెము మించిన యొత్తిడి తేలును. 60 కిలోగ్రాముల మనుష్యుడు నడచుచు ఒంటికాలిపై నిలిచినప్పుడు, పాదము 150 చదరపు సెంటీమీటర్లనుకొన్నచో, నేలపై పడు నొత్తిడి చదరపు సెంటీమీటరునకు 400 గ్రాములు. మనము నడచినచోట నెల్ల గోతులు పడుచున్నవా? పైని వదులుగా నున్న ధూళి మాత్రము ప్రక్కలకు చిమ్మబడినది. 2023 ఆగస్టు 23వ తేదీని మన చంద్రయాన్-3 లోని విక్రము దిగినప్పుడును ఇదియే జరిగినది: సుమారు 2 టన్నుల ధూళి 108 చదరపు మీటర్ల మేర చెదరి, చుట్టును కాంతివంతమైన వలయమేర్పడినదని ఇస్రోవారు లెక్కగట్టిరి. ఆ ధూళిని ఆ వైశాల్యమునకు పంచి చూడుడు. ఒక సెంటీమీటరు మందమునకు కొంచెము మించును. గొయ్యి కోరువారికి ఇంతకంటె దొరకదు.

వారి వాదములలో మేము గౌరవింపదగినది ఒక్కటి గలదు. భూమిపై చిత్రము తీసి, నిదానముగా త్రిప్పి చూపినచో చంద్రునిపై దూకినట్లే యుండునని కొందఱందురు. ఇది లెక్క తెలిసినవాని మాట. భూమిపై పడు వస్తువు వేగము సెకండు సెకండునకు 9.8 మీటర్ల వంతున పెరుగగా, చంద్రునిపై 1.62 మీటర్ల వంతుననే పెరుగును. పడుటకు పట్టు కాలము ఆకర్షణయొక్క వర్గమూలమునుబట్టి మాఱును గనుక, చిత్రమును సుమారు 2.45 రెట్లు నిదానము చేసినచో భూమిపై పడిన రాయి సరిగా చంద్రునిపై పడినట్లే కనబడును. ఇంతవరకు మేమును అంగీకరింతుము.

కాని నిదానమగునది రాయి మాత్రమే కాదు, సమస్తమును. 1972 ఏప్రిలులో జాన్ యంగు అను యాత్రికుడు జెండాకు వందనము చేయుచు పై కెగిరెను. ఎగిరిన యెత్తు సుమారు 42 సెంటీమీటర్లు. నేలను విడిచియున్న కాలము 1.45 సెకండ్లు. చంద్రుని యాకర్షణతో లెక్కించినచో సరిగా అంతయే వచ్చును. ఇది భూమిపై తీసి నిదానము చేసిన చిత్రమైనచో, ఆయన 80 కిలోగ్రాములు దాటిన యుడుపును మూటను ధరించి ఈ నేలపైననే 42 సెంటీమీటర్లు ఎగిరియుండవలయును. నిండు ధాన్యపు బస్తా మూపున పెట్టుకొని మోకాలెత్తు ఎగురగలవారు మా యెఱుకలో లేరు. మూట బోలుదందురా? అననిండు.

ధూళికేమి చెప్పుదురు? మన పల్లెలలో ఆలమందలు ఇంటికి మరలు వేళను గోధూళి యని పిలిచితిమి. గిట్టలు రేపిన దుమ్ము వెంటనే నేల కూలక, గాలిలో తేలుచు, పొద్దువెలుగును ఎఱ్ఱజేయుచు చాలసేపు నిలుచుటచేతనే ఆ వేళకు ఆ పేరు వచ్చినది. అది గాలియున్న లోకపు లక్షణము. సన్నని రేణువును గాలి పట్టుకొనును, ముతక రాయిని విడిచివేయును. అపోలో 16 వారు తమ బండిని వేగముగా నడపిన చలనచిత్రమును చూడుడు. చక్రములు ఎగజిమ్మిన ధూళి విల్లువలె వంగి, ముతకయు సన్నమును కలిసియే నేలకు దిగుచున్నది. మేఘము కట్టుట లేదు, తేలుట లేదు. గాలిలో తీసిన ధూళిమేఘమును నిదానము చేసినచో నిదానమైన ధూళిమేఘమే కనబడును; విల్లు కనబడదు. చంద్రునిపై గోధూళివేళ యుండదు.

1971 ఆగస్టు 2వ తేదీని అపోలో 15 నాయకుడు డేవిడ్ స్కాటు ఒక చేత 1.32 కిలోగ్రాముల సుత్తిని, మఱొక చేత 30 గ్రాముల డేగ యీకను పట్టుకొని ఒక్కసారిగా విడిచెను. రెండును కలిసియే నేలను తాకినవి. ఆ యెత్తు మీటరున్నరకు కొంచెము పైగా, చంద్రునిపై 1.4 సెకండ్లు పట్టవలయును, పట్టినది. భూమిపై సుత్తి 0.6 సెకండులోపుననే పడును. ఈక తిరుగుచు, ఊగుచు తరువాత ఎప్పుడో పడును. ఎంత నిదానము చేసినను ఈక వెనుకబడుటను మాన్పలేము. ఈ సంగతి ఎవరి మాటమీదను నమ్మనక్కఱలేదు. రూపాయిబిళ్లకంటె కొంచెము చిన్నదిగా కాగితపుముక్కను కత్తిరించి, బిళ్లను దానిని వేఱువేఱుగా వదలుడు, కాగితము వెనుకబడును. కాగితమును బిళ్లమీద నుంచి వదలుడు. రెండును కలిసి పడును, ఏలయన బిళ్ల తన క్రిందిగాలిని తానే చీల్చుకొనిపోవును. గాలి యడ్డు తొలగినచో పడుటలో బరువు భేదము లేదని ఇంటిలోనే తెలియును.

కావున బూటకమనువారు ఒప్పుకొనవలసినది ఇది: ఒక బండి పరుగులెత్తుటకు చాలునంత మైదానమునుండి గాలినంతయు తోడివేసి, అందులో ప్రాణవాయువు మూటలతో మనుష్యులను నిలిపి, ఆకర్షణ భేదము తెలియకుండ నటింపజేసి, ఆఱు పర్యాయములు ఒక్క తప్పు లేకుండ చిత్రము తీసిరి. ఇట్టి నాటకశాల ఎచ్చట నున్నదో, ఆ గాలిని తోడిన పంపులెవరు చేసిరో వారు చెప్పవలయును.

భూమి చుట్టునున్న వాన్ అలెన్ వలయముల వికిరణమున వారు మాడిపోవలసినదని మఱొక మాట. దీపపుమంటలో వ్రేలు నిలిపినచో కాలును; చప్పున అటునుండి ఇటు త్రిప్పినచో కాలదు. ఆ వలయముల దట్టమైన భాగమును తప్పించి, కొద్ది గంటలలో దాటిరి. యాత్ర మొత్తములో అన్నిటికంటె ఎక్కువ వికిరణము తగిలిన అపోలో 14 వారికి తగిలినది సగటున 1.14 రాడ్లు. మనుష్యునికి వికిరణపు జబ్బు పొడసూపుటకే నూఱు రాడ్ల ప్రాంతము కావలయును.

ఇక సాక్షులు. న్యాయస్థానమున స్నేహితుని సాక్ష్యముకంటె శత్రువు ఒప్పుకోలు విలువైనది. 1969లో సోవియట్టువారికంటె అమెరికాకు శత్రువెవడు? అదే జూలైలో వారి లూనా 15 చంద్రుని చుట్టు తిరుగుచు, 21వ తేదీని నేలపై పడి పగిలినది. ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంకు వేధశాలవారు రెండు యంత్రముల సంకేతములను వినుచుండిరి. అబద్ధమైనచో మఱునాడే మాస్కోలో చాటింపు వేసియుందురు. వేయలేదు సరికదా, 1971లో తమ లూనా 16 తెచ్చిన మట్టిని అమెరికావారు తెచ్చిన రాళ్లతో మార్చుకొని పరీక్షించిరి. సోవియట్టు యంత్రములు మూడుసార్లు పోయి తెచ్చినది అంతయు కలిపి అరకిలో లేదు. అపోలోవారు తెచ్చినది 382 కిలోగ్రాములు. ఆ రాళ్లపై కంటి కానని సూక్ష్మమైన ఉల్కల పోట్లు గలవు. గాలిపొరలో అట్టి రేణువులు మాడిపోవును గనుక భూమిపై రాళ్లకు ఆ గుఱుతు లుండవు.

చంద్రునిపై వారుంచిన అద్దములనుండి నేటికిని కాంతికిరణము రెండున్నర సెకండ్లలో తిరిగి వచ్చుచున్నదని, దానివలననే చంద్రుడు ఏటేట 3.8 సెంటీమీటర్లు దూరమగుచున్నాడని తెలిసినదని మా పక్షమువారు తఱచు చెప్పుదురు. అది నిజమే. కాని ఆ యద్దములు మాత్రమే మనుష్యుడు నడచెననుటకు చాలవు. సోవియట్టువారి యంత్రబండ్లును అట్టి యద్దములను మోసికొనిపోయినవి. మన పక్షమున నున్నదని బలహీనమైన హేతువును బలమైనదానివలె చూపరాదు. అంతకంటె పటములు మేలు. 2009నుండి చంద్రుని చుట్టు తిరుగుచున్న అమెరికా యంత్రము, అపోలో యంత్రముల అడుగుభాగములను, యాత్రికులు నడచిన జాడలను గూడ చిత్రించినది. వారిది వారే తీసికొనిరందురేమో. 2019లో మన శ్రీహరికోటనుండి పోయిన చంద్రయాన్-2 సైతము 2021లో అపోలో 11 దిగినచోటును పటము తీసినది.

ఇచట మా మిత్రులొకరి ముచ్చట చెప్పక తప్పదు. 2023లో విక్రము దిగిననాడు వీధియంతయు మిఠాయి పంచినవారాయన. అపోలో మాత్రము బూటకమందురు. “విక్రము దిగినట్లు మీకెట్లు తెలిసినది?” అని యడిగితిమి. “మనవాళ్లు అబద్ధమాడరండీ పంతులుగారూ” అనిరి. ఆ యంత్రము నడచినది న్యూటను సూత్రములతోనే, అపోలో నడచినదియు అవే సూత్రములతోనే యని చెప్పితిమి. ఆయన కొంత తడవు ఊరకుండి, “నిజముగా పోయియుంటే మఱల ఏల పోలేదు? 1972 తరువాత యాబదియేండ్లు దాటెను గదా?” అనిరి.

పోకపోవుటకు కారణము సొమ్ము. 1966లో నాసా వ్యయము ఆ దేశపు ప్రభుత్వ వ్యయమంతటిలో నూటికి నాలుగు వంతులు దాటినది. పందెము గెలిచిన పిదప అంత యిచ్చుటకు ఆ దేశపు శాసనసభ ఇష్టపడలేదు. తలపెట్టిన చివరి మూడు యాత్రలు 1970లోనే మానివేయబడినవి. ధ్వనికంటె వేగముగా ప్రయాణికులను మోసిన కాంకార్డు విమానము 2003లో ఆగిపోయినది. అది ఎగురలేదని ఎవరును గ్రంథము వ్రాయలేదు.

ఆయన దానికి బదులు చెప్పక, “ఐనను ఆ జెండా సంగతి చూడుడు” అని మొదటికి వచ్చిరి. మేము జేబులోని రూపాయిబిళ్లను, కత్తిరించిన కాగితపుముక్కను ఆయన చేతిలో పెట్టితిమి. వానిని బల్లమీద నుంచి కాఫీ త్రాగిరి. ఇంకను వదలి చూడలేదు.